చిలక మెడలో పైడమ్మ దారం

ఒకప్పుడు చిలక మెడ బోసిగా ఉండేది. ఒళ్లంతా పచ్చగానే ఉండేది, ముక్కు ఎర్రగానే ఉండేది, తోక ఇంత పొడుగ్గానే ఉండేది. మెడలో మాత్రం ఏమీ లేదు. నోట్లో మాటా లేదు.

మాట ఎందుకు లేదంటారా? తిండి యావ, ఇంకేముంది! లోకం కొత్తగా పుట్టిన రోజుల్లో గాలి భుజాన సంచి వేసుకుని వచ్చి పక్షులకి గొంతులు పంచింది. కోయిల అందరికన్నా ముందు నిలబడి మంచి గొంతు ఏరుకుంది. కాకి తోసుకుంటూ వచ్చి చేతికందింది పట్టుకుపోయింది. గుడ్లగూబ నిద్రమొహంతో తూలుకుంటూ వచ్చింది, దాని వాటా దానికి దొరికింది. చిలకలు మాత్రం జొన్నచేలోనే ఉన్నాయి. ఈ కంకి అయ్యాక వెళ్దాం అనుకుంటాయి, ఆ కంకి అవగానే పక్క కంకి కనపడుతుంది.

పొట్టలు నింపుకుని అవి వచ్చేసరికి గాలి సంచి దులిపేసుకుంటోంది. అడుగున ఒక్క 'కీ' మిగిలింది.

"ఇదేనర్రా ఉన్నది. అందరూ సర్దుకోండి" అంది గాలి.

"కీ" అన్నాయి చిలకలు.

"ఆఁ, అదే" అని గాలి సంచి మడుచుకుని వెళ్లిపోయింది.

అలా ఎన్నో ఏళ్లు గడిచాయి. ఆ రోజుల్లో ఒక ఏటి ఒడ్డున రంగులవాళ్ల వీధి ఉండేది. ఇప్పుడు వెతికినా మీకు కనపడదు, ఆ ఏరు కూడా పక్కకి జరిగిపోయింది. అప్పట్లో మాత్రం ప్రతి ఇంటి ముందూ పెద్ద బాన, బాన కింద పొయ్యి, పెరట్లో దండేల నిండా తడినూలు. చిరివేరు దంచి నీళ్లల్లో వేసి కాస్తే ఎర్రరంగు దిగుతుంది. ఆ వాసన వీధి మొదట్లోనే ముక్కుకి తగిలేది. అబ్బ, ఎంత బాగుండేదో! ఆ వాసన తగిలితే ఇంటికొచ్చేశాం అనుకునేవాళ్లు ఆ వీధి జనం.

ఆ వీధిలోనే పైడమ్మ ఉండేది. ఆమె మొగుడు కూర్మన్న. ఎరుపు వెయ్యడంలో అతని తర్వాతే ఎవరైనా. నూలు బానలో ముంచేవాడు, ఎండలో ఆరేసేవాడు, మళ్లీ ముంచేవాడు, మళ్లీ ఆరేసేవాడు.

"ఇంకా ఎన్నిసార్లయ్యా?" అని ఎవరైనా విసుక్కుంటే, "నూలు ఇంక చాలనేదాకా" అని నవ్వేవాడు.

మోచేతులదాకా ఎర్రరంగే. చెమట తుడుచుకుంటే నుదుటి మీద మరక పడేది. "ఒరే కూర్మన్నా, మళ్లీ పెళ్లికొడుకువయ్యావేటిరా!" అని వీధంతా ఏడిపించేది. పొద్దున లేస్తే అతని పేరే. "కూర్మన్నా, నా నూలు ముంచేవా?" "కూర్మన్నా, నిప్పు కాస్త పెట్టు." "కూర్మన్నా, మా గుంటడు నీ బానలో రాళ్లేస్తన్నాడు, చూసుకో!" ఆ పేరు దండేల మీంచి దండేల మీదికి ఎగురుతూ ఉండేది.

ఆ పేరు పిలవనిది ఒక్క పైడమ్మే. మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు. వస్తే అతని ఆయుష్షు తగ్గిపోతుందని వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది. అందుకని 'ఇదిగో', 'నిన్నే', మరీ ముద్దొస్తే 'మావా'. అంతే. ఊరికి కొత్తవాళ్లెవరైనా వచ్చి "మీ ఇంటాయన పేరేంటమ్మా?" అని అడిగితే పైడమ్మ ఏరు వైపు చెయ్యి చూపించేది. "వీపు మీద డిప్ప మోసుకుని తిరుగుతాడు చూడు, ఆయన పేరే." వాళ్లు ఆలోచించుకుని, ఆలోచించుకుని, "ఓహో, కూర్మమా!" అనేవాళ్లు. పైడమ్మ తలకాయ ఊపి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఒక వానాకాలం కూర్మన్నకి జ్వరం వచ్చింది. తగ్గలేదు. పోయాడు.

వీధివాళ్లు మంచివాళ్లే. ఆ మంచితనమే కొంప ముంచింది. "దానిముందు ఆ పేరెత్తకండర్రా, పాపం ఏడుస్తది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. ఎత్తడం మానేశారు. పొద్దున్నే నూలు తడుపుతూ పైడమ్మ చెవులు రిక్కించి కూర్చునేది. అందరి పేర్లూ వినపడేవి. ఆ ఒక్కటే వినపడేది కాదు.

మనిషి పోతే పోయాడు, పేరు కూడా పోతే ఎలాగ? ఇంక కొన్నాళ్లకి ఆ పేరు గలవాడు ఒకడుండేవాడని ఎవరికీ గుర్తుండదు. పిలుద్దామా అంటే పైడమ్మ నాలుక తిరగదు. పోయినవాడికి తగ్గడానికి ఆయుష్షెక్కడుంది? అది ఆమెకీ తెలుసు. నాలుకకి తెలీదు, ఏం చేస్తాం!

ఒక సాయంత్రం ఈదురుగాలి రేగింది. పెరటి వెనక మోడు తాడిచెట్టు ఒకటి ఉండేది, దాని తొర్రలో చిలకల కాపురం. గాలి ఊపుకి ఒక పిల్ల తొర్రలోంచి జారి, దండెం మీద తడినూలులో పడి, అక్కణ్ణించి పైడమ్మ ఒళ్లో పడింది. ఈకలు సరిగా రాలేదు, కళ్లు మాత్రం ఇంతింత.

"ఓలమ్మా, ఏటిరా నీ అవతారం!" అంది పైడమ్మ.

"కీ" అంది చిలకపిల్ల.

నూలు గంపలో పాతగుడ్డ పరిచి పడుకోబెట్టింది. శనగపప్పు నానబెట్టి, మెత్తగా నూరి, వేలి చివర పెట్టి తినిపించింది. వేలు కూడా పప్పే అనుకుని కరిచింది అది. పైడమ్మ కెవ్వుమంది, తిట్టింది, మళ్లీ వేలు పెట్టింది. పేరేం పెట్టాలో తోచక బుల్లోడా అని పిలిచింది.

చిలకని మచ్చిక చేసుకోవడం ఎలాగో పైడమ్మకి ఎవరూ చెప్పలేదు. అంతకుముందు ఎవరూ చేస్తే కదా చెప్పడానికి! పట్టుకోబోతే గంపలో మూలకి పోయి ఒళ్లు ఉబ్బించుకునేది. అందుకని పట్టుకోవడం మానేసింది. దాని వైపు వీపు పెట్టి కూర్చుని, నూలు చిక్కులు తీసుకుంటూ, అరచేతిలో నాలుగు గింజలు పెట్టుకుని ఆ చెయ్యి అలా వదిలేసేది. వస్తే రా, లేకపోతే పో. రోజుకి కాస్త దగ్గరికొచ్చింది. ఒకరోజు చేతిలో గింజ తీసుకుని పారిపోయింది. ఇంకోరోజు పారిపోకుండా అక్కడే తింది. ఈకలొచ్చాక దాని ఛాతీ కింద వేలు పెట్టి "ఎక్కు" అనేది. ముందు కరిచింది, తర్వాత ఆలోచించింది, తర్వాత ఎక్కింది. ఇత్తడి గిన్నె అంచు మీద గోటితో టింగుమనిపిస్తే ఎక్కడున్నా వచ్చేది. ఎండుమిరపకాయ కనపడితే పిలవకుండానే వచ్చేది.

దాని అల్లరి మాటేమిటంటారా? దండెం మీద ఈ చివర్నించి ఆ చివరికి నడుచుకుంటూ వెళ్లి, కష్టపడి ఆరేసిన నూలు పోగులు కొరికి కింద పారేసేది. "ఒరే బుల్లోడా, నీ దుంప తెగ! అది పక్కింటాళ్ల నూలురా!" అని పైడమ్మ చీపురు తీసుకునేది. అది వెళ్లి ఆమె తలమీదే కూర్చునేది. తలమీద కూర్చున్నదాన్ని చీపురుతో ఎలా కొడతారు చెప్పండి! చాలాకాలం తర్వాత ఆ ఇంట్లోంచి నవ్వు వినపడింది.

పక్కింటి గవరమ్మ ముసల్ది. వీధికంతటికీ అత్తే. ఒకరోజు వచ్చి చిలకని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఒలే పైడమ్మా, ఎంత ముద్దుగా తయారయ్యాడే! ఇంత పచ్చటోడికి దిష్టి తగలదేటి? మెడలో దారం కట్టు."

నిజమే కదా అనుకుంది పైడమ్మ. దూలానికి ఒక నూలు కట్ట వేలాడుతూ ఉండేది. కూర్మన్న చివరగా రంగు వేసిన నూలు అది. అమ్మలేదు, నెయ్యనివ్వలేదు. అందులోంచి ఒక్క పోగు లాగింది. దిష్టికి నల్లపోగు ఒకటి దానికి కలిపి, పురి పెట్టి, చిలక మెడలో వదులుగా కట్టింది. పచ్చటి మెడలో ఆ ఎరుపు మెరిసింది. పైడమ్మ చాలాసేపు చూస్తూ కూర్చుంది.

అప్పుడొచ్చింది ఆమెకి ఆ ఆలోచన. వేలు ఎక్కడం నేర్చుకున్నవాడు, గిన్నె చప్పుడుకి రావడం నేర్చుకున్నవాడు, ఒక్క మాట నేర్చుకోలేడా? ఒక్కటే మాట. ఒక్కటే పేరు. నేను పిలవలేను సరే, వీడు పిలిస్తే నేను వింటాను కదా!

మరి పేరు పలక్కుండా పేరు నేర్పడం ఎలాగ? నవ్వకండర్రా. ఆ బాధ మీకేం తెలుసు!

ముందు బుల్లోణ్ణి భుజం మీద ఎక్కించుకుని ఏటికి తీసుకెళ్లింది. ఒడ్డున రాయి మీద తాబేలు ఎండ కాచుకుంటోంది. "ఇదిగో, ఈయన పేరే. అను" అంది.

చిలక తల పక్కకి వాల్చి ఒంటికన్నుతో తాబేలుని చూసింది. "కీ?" అంది.

"మొగుడూ పెళ్లాల మధ్యకి నన్నెందుకమ్మా లాగుతావు?" అని తాబేలు బుడుంగున నీళ్లల్లోకి దిగిపోయింది.

తర్వాత గవరమ్మని బతిమాలింది. "అత్తా, నువ్వు పెద్దదానివి. నువ్వు అనొచ్చు. వీడికి కాస్త చెప్పి పెట్టవా?"

గవరమ్మ ఆమె మొహంలోకి చూసి తలూపింది. పొద్దున్నే వచ్చి చిలక ముందు చతికిలబడి "కూర్మన్నా! అనరా! కూర్మన్నా!" అని కేకలు వేసింది. ఏటవతల గొడ్లు తలలెత్తి చూశాయి. చిలక రెక్కలో తల దాచుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. "వీడికి చెవుడే" అని తేల్చేసి గవరమ్మ వెళ్లిపోయింది.

పైడమ్మకి కోపమొచ్చింది. పెరట్లో నిలబడి గాలిని పట్టుకుని కడిగేసింది. "అందరికీ గొంతులు పంచేవు, వీళ్లకేటి ద్రోహం చేశారని ఒక్క కీ పడేసి పోయేవు?"

గాలి తడినూలు మధ్యలోంచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. "నా సంచిలో గొంతులే గానీ మాటలు ఎప్పుడూ లేవు పైడమ్మా. మాట మనుషులది. మీరిస్తేనే వస్తుంది."

"గవరమ్మత్త ఇచ్చింది కదా?"

"గవరమ్మ కేకలేసింది. కావలసింది నీకు, ముంచేది ఆమా? నీ ఇంటాయన పక్కింటివాళ్ల చేత నూలు ముంచించేవాడా?" అని గాలి తాడిచెట్టు మీదికి పోయింది.

పైడమ్మ నోరు తెరిచింది. 'కూ' అనబోయింది. అదీ రాలేదు. నోరు మూసుకుని లోపలికెళ్లింది.

జొన్నలు పాలుపోసుకునే కాలం వచ్చింది. చిలకల గుంపులు దిగాయి. పొద్దున చేలకి పోయేటప్పుడు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రంగులవాళ్ల వీధి మీంచే వెళ్లేవి. "కీ! కీ!" అని పిలిచేవి. బుల్లోడు దండెం మీద నిలబడి మెడ చాపి చూసేవాడు.

"రెక్క కత్తిరించెయ్యే. లేకపోతే పోతాడు" అంది గవరమ్మ.

పైడమ్మ కత్తెర తీసింది. రెక్క విప్పి పట్టుకుంది. ఆకుపచ్చ ఈకలు కొత్తగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఎవరికైనా చేతులొస్తాయా? కత్తెర మళ్లీ గూట్లో పెట్టేసింది.

ఆ సాయంత్రమే బుల్లోడు లేచి తాడిచెట్టు చివరికెళ్లి కూర్చున్నాడు. అంత ఎత్తుకి ఎప్పుడూ వెళ్లలేదు. గుంపు ఇంకా రాలేదు. అప్పుడు కనపడింది పైడమ్మకి, ఎర్రబడ్డ ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూ డేగ.

గిన్నె మోగించింది. వినపడలేదు. "బుల్లోడా! బుల్లోడా!" అని అరిచింది. వాడు చేల వైపే చూస్తున్నాడు.

"ఓ డేగా, నీ కాళ్లు పట్టుకుంటాను, వాణ్ణొదిలెయ్!" అని మొత్తుకుంది.

"నా పిల్లల ఆకలి నాకుండదేంటి?" అని డేగ రెక్కలు ముడుచుకుని జారింది.

పైడమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ వానాకాలం, ఆ మంచం పక్కన కూడా ఇలాగే నిలబడింది. అప్పుడు పిలవలేకపోయిన పిలుపు ఇప్పుడు గొంతు చీల్చుకుని వచ్చేసింది.

"కూర్మన్నా! వచ్చెయ్! కూర్మన్నా, వచ్చెయ్!"

వీధంతా చేతిలో పని ఆపేసింది. నూలు పిండుతున్నవాళ్లు పిండుతున్నట్టే ఉండిపోయారు. ఆ కేక వినని చెవి లేదు. చిలక అదిరిపడి, చెట్టు మీంచి రాయిలా దూకి, దండెం కిందనుంచి దూరి పైడమ్మ మెడ దగ్గర దాక్కుంది. డేగ గోళ్లకి తాటిమోడే దొరికింది.

పైడమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పిడుగు పడలేదు. ఏరు ఎండిపోలేదు. ఎవరూ నవ్వలేదు. గవరమ్మ వచ్చి పక్కన కూర్చుని, "పిలువే. ఎన్నాళ్లని ఆపుకుంటావు, పిలువు" అని వీపు నిమిరింది.

చిలకని ఒళ్లో పెట్టుకుని పైడమ్మ ఏడుస్తూ పిలిచింది, పిలుస్తూ ఏడ్చింది. ఆ రోజుతో ఆగలేదు. నూలు ముంచుతూ చెప్పేది, ఆరేస్తూ చెప్పేది. "కూర్మన్న ఇలా పిండేవాడురా. కూర్మన్నకి చింతచిగురు పప్పంటే ప్రాణంరా. కూర్మన్న నవ్వితే బానలో నీళ్లు కదిలేవిరా." వీధివాళ్లకీ నోరొచ్చింది. "మా కూర్మన్న ఉండుంటే ఈ ఎరుపు చూసి ఛీ అనేవాడు" అని ఒకళ్లు, "నా పెళ్లి చీర రంగు కూర్మన్నదే, ఇప్పటికీ దిగలేదు" అని ఒకళ్లు. దండేల మధ్య ఆ పేరు మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

ఒక సంజెవేళ పైడమ్మ పొయ్యి ఆర్పుతోంది. వెనకనుంచి ఎవరో పిలిచారు.

"కూర్మన్నా! వచ్చెయ్!"

చివాలున తిరిగింది. దండెం మీద బుల్లోడు. ఒంటికన్నుతో ఆమెనే చూస్తున్నాడు. "కూర్మన్నా, వచ్చెయ్!" అన్నాడు మళ్లీ.

గొంతు గవరమ్మది కాదు. పైడమ్మదే. ఆ వణుకూ ఆమెదే. కాపురం చేసిన అన్నేళ్లూ పెళ్లాం నోట తన పేరు కూర్మన్న వినలేదు. ఇప్పుడు అతని ఇంట్లో, అతని పెళ్లాం గొంతుతో, అతని పేరు. పైడమ్మ కింద కూలబడిపోయింది. ఆ ఏడుపులో నవ్వు కూడా ఉంది.

అదే సమయానికి గుంపు వీధి మీంచి వెళ్తూ "కీ! కీ!" అంది. బుల్లోడు ఆకాశం వైపు చూశాడు. పైడమ్మని చూశాడు. దండెం మీద అటూ ఇటూ నడిచాడు.

"వాళ్లు నిన్నే పిలుస్తున్నార్రా" అంది పైడమ్మ. "నేను పిలిచినాయన రాలేడు. నువ్వు వెళ్లగలవు. పిలిచేవాళ్లుండగా వెళ్లకపోతే ఎలాగరా?"

మెడలో దారం కొమ్మకి చిక్కుకుంటుందేమోనని కత్తెర తెచ్చింది. బుల్లోడు కత్తెరని ముక్కుతో పక్కకి నెట్టాడు. మళ్లీ పెట్టబోతే, చిన్నప్పుడు కరిచిన వేలినే పట్టుకున్నాడు. ఈసారి నొప్పి లేదు.

"సరే, ఉంచుకో. ఆయన వేసిన రంగు, అది దిగదులే" అంది.

వేలి మీద ఎక్కించుకుని చెయ్యి పైకెత్తింది. బరువు తగ్గింది. పచ్చటి గుంపులో పచ్చటి చిలక కలిసిపోయింది. గిన్నె ఆమె పక్కనే ఉంది, మోగించలేదు.

కొన్నేళ్లు గడిచాక జొన్నలు పాలుపోసుకునే వేళకి గుంపు మళ్లీ వచ్చింది. వీధివాళ్లు తలలెత్తి చూసి నోళ్లు వెళ్లబెట్టారు. ఎదిగిన మగ చిలకపిల్లల మెడల్లో పోగు కట్టినట్టు ఎర్రగీత, దాని పక్కనే నల్లగీత! ఎవరూ కట్టలేదు, ఎదుగుతుంటే దానంతటదే వచ్చింది. తండ్రి బుల్లోడి మెడలో ఉన్నది కొడుకుల మెడల్లోకి దిగింది. పైడమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఇందులో నా బుల్లోడు ఏడీ అని వెతికింది. అందరూ వాడిలాగే ఉన్నారు. అప్పుడు తాడిచెట్టు తొర్ర దగ్గర్నించి వినపడింది, తన గొంతే.

"కూర్మన్నా! వచ్చెయ్!"

"పిలువురా, పిలువు" అంది పైడమ్మ.

అప్పటినుంచే మగచిలక మెడలో ఎర్రపోగూ నల్లపోగూ ఉంటాయి, ఎన్ని వానలు కురిసినా ఆ రంగు దిగదు. అప్పటినుంచే ఇంట్లో చేరదీస్తే చిలకకి మన మాట వస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి కేకలేస్తే మాత్రం గవరమ్మని చూసినట్టు చూస్తుంది. మనం మనసాపుకోలేక అన్న మాటనే ఎక్కడో దాచుకుని, మనం ఎదురుచూడని ఒక సంజెవేళ, మన గొంతుతోనే మనకి తిరిగిచ్చేస్తుంది.